బిడ్డ బొమ్మ ఎవరి సొత్తు?

సంస్కృతంలోని ‘దృష్టి’ అనే శబ్దమే తెలుగువారి నోట ‘దిష్టి’గా మారింది. ఒకే మూలం నుంచి వచ్చిన ఈ రెండు మాటలకు మన భాషలో అర్థాలు మాత్రం వేరు. దృష్టి అంటే చూపు, శ్రద్ధ, ఆలోచన. దిష్టి అంటే కీడు చేసే చూపు. బిడ్డ మీద తల్లి పెట్టేది దృష్టి. అదే బిడ్డ మీద పదిమంది కళ్లు పడితే తగిలేది దిష్టి. అందుకే బుగ్గన కాటుక చుక్క పెట్టడం, సందెవేళ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేయడం మన ఇళ్లలో ఆచారమయ్యాయి. ఈ ఆచారాలను మూఢనమ్మకాలని తోసిపుచ్చడం సులభమే. అయితే వాటి వెనుక ఉన్న నైతిక వివేకాన్ని గమనించడం అవసరం. చూపులన్నీ ఒకటి కావు. ఎవరు చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు, ఎంతమంది చూస్తున్నారు అన్న దానినిబట్టి వాటి ఫలితం మారుతుంది. పసిబిడ్డ తనపై పడే చూపులను తాను ఎంచుకోలేదు కనుక, ఆమె తరఫున ఆ ఎంపిక చేసే బాధ్యత పెద్దలది. మన పూర్వులు ఒక్క కాటుక చుక్కలో ఇమిడ్చిన ఆ బాధ్యతను ఈనాడు ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ మళ్లీ మొదటినుంచి ఆలోచించుకోవలసి వస్తున్నది. కారణం, జేబులో ఉన్న కెమెరా ఫోను.

చేతి ఫోనులోని కెమెరాకు, పసిబిడ్డకు ఉన్న సంబంధం యాదృచ్ఛికం కాదు. 1997 జూన్ 11వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాంటాక్రూజ్ పట్టణంలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఫిలిప్ కాన్ అనే సాంకేతిక నిపుణుడు ఒక చిన్న డిజిటల్ కెమెరాను, తన సెల్‌ఫోనును, ఒక కంప్యూటరును కలిపి, అప్పుడే పుట్టిన తన కుమార్తె చిత్రాన్ని దూరాన ఉన్న బంధుమిత్రులకు, సహచరులకు పంపాడు. సెల్‌ఫోను ద్వారా అలా లోకానికి పంచిన మొదటి ఛాయాచిత్రంగా దానిని చరిత్రకారులు పేర్కొంటారు. అంటే ఈ సాధనం పుట్టుకలోనే ఒక తండ్రి ఆనందం ఉన్నది. ఆ ఆనందాన్ని పదిమందితో పంచుకోవాలన్న తహతహ ఉన్నది. తన సమ్మతిని చెప్పే వయసులేని ఒక పసికందు ముఖమూ ఉన్నది. తరువాతి కాలంలో కోట్లాది కుటుంబాలలో జరిగినది, జరుగుతున్నది ఆ దృశ్యానికి పునరావృత్తి మాత్రమే.

మధ్యతరగతి ఇంట కొత్త సాధనం

సుమారు పదిహేను వేల నుంచి ముప్పైవేల రూపాయల మధ్య దొరికే ఫోన్లను అంగడివారు మధ్యశ్రేణి ఫోన్లంటారు. దేశ రాజధాని ప్రాంతంలో వీటి ఉనికి అంగడికే పరిమితం కాదు. నోయిడాలో శామ్‌సంగ్ సంస్థ విస్తరించిన ఫోన్ల కర్మాగారాన్ని 2018 జూలై 9న భారత ప్రధానమంత్రి, దక్షిణ కొరియా అధ్యక్షుడు కలిసి ప్రారంభించారు. అంతకు మూడేళ్ల ముందే, 2015లో, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం షియోమీ ఫోన్లను తయారు చేయడం మొదలుపెట్టింది. మన బిడ్డలను చిత్రించే కన్ను మన ఊళ్లలోనే, మన ఇరుగుపొరుగు యువతీయువకుల చేతులమీదుగా తయారవుతున్నదన్న మాట.

మా ఇంటికి కూడా ఇటీవల ఇటువంటి ఫోను ఒకటి వచ్చింది. యాభై మెగాపిక్సెళ్ల కెమెరా అన్నది దాని ముఖ్య ప్రశస్తి. వాస్తవానికి ఇటువంటి ఫోన్లు సాధారణంగా నాలుగేసి బిందువులను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల చిత్రాన్నే ఇస్తాయి. ఆ కలపడం వల్లనే మసక వెలుతురులో కూడా బొమ్మ స్పష్టంగా వస్తుంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఇల్లు వదలి, మెట్రోలో నిలబడి కార్యాలయానికి చేరి, దీపాలు పెట్టిన తరువాత గాని ఇంటికి రాని ఉద్యోగికి ఇది చిన్న సదుపాయం కాదు. మనకు పిల్లలతో గడిపే సమయమంతా దాదాపు దీపాల వెలుతురులోనే గడుస్తుంది. నిలకడ లేని పసిపాపను, గదిలోని మసక దీపం కింద, పరుగెత్తుతూ ఉండగా పట్టుకోగల కెమెరా పాతికేళ్ల క్రితం సామాన్య కుటుంబానికి ఊహకందని విషయం.

ఈ సాధనం మనకు చేసిన మేలును ముందుగా ఒప్పుకోవాలి. మన కుటుంబాల చరిత్రలో ముఖాలు లేని మనుషులు ఎందరో ఉన్నారు. ఎన్నో ఇళ్లలో గోడకు వేలాడే ముత్తవ్వ పటం ఎవరి పెళ్లిలోనో తీసిన బృందచిత్రం నుంచి కత్తిరించి, పెద్దదిగా చేయించినది. ఆమె కన్నులు ఎటు చూస్తున్నాయో తెలియదు. భుజం మీద పక్కనున్న వారి చేయి సగం కనిపిస్తూ ఉంటుంది. బతికి ఉన్నన్నాళ్లూ ఆమెను చిత్రించవలసిన వ్యక్తిగా ఎవరూ అనుకోలేదు. రాజులకు, జమీందారులకు, ఉద్యోగస్తులకు దక్కిన ఛాయాచిత్రం కూలివారి ఇంటి ఆడపిల్లకు దక్కడానికి శతాబ్దంన్నర పట్టింది. ఆ అన్యాయాన్ని ఏ ఉద్యమమూ సరిదిద్దనంతగా ఈ చవక కెమెరా సరిదిద్దింది. దీన్ని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు.

దూరాన్ని తగ్గించిన మేలు కూడా అటువంటిదే. ఢిల్లీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇన్‌లాండ్ లెటరు గుర్తుండే ఉంటుంది. అందులో ఏదీ జతపరచరాదన్న నియమం దానిమీదనే అచ్చువేసి ఉండేది. కనుక మనవరాలి బొమ్మను రాజమండ్రికో, వరంగల్లుకో పంపాలంటే వేరే కవరు కావాలి, ఎక్కువ తపాలా బిళ్లలు కావాలి. అది అందేలోగా పాపకు మరో పన్ను వచ్చేది. ఈనాడు పాప తొలి అడుగును అమ్మమ్మ ఆ క్షణంలోనే చూస్తున్నది. ఈ మేలును తూకంలో ఒకవైపు ఉంచిన తరువాతనే రెండవ తట్ట సంగతి మాట్లాడుకోవడం న్యాయం.

సమృద్ధిలోని చిక్కు

చరిత్ర విద్యార్థులకు ఒక సంగతి బాగా తెలుసు. ఆధారాల కొరత ఎంత కష్టమో, ఆధారాల వెల్లువ అంత కష్టం. ఒకప్పటి క్లిక్ త్రీ కెమెరాలో ఒక రీలుకు పన్నెండు బొమ్మలు వచ్చేవి. తరువాతి మూడున్నర సెంటీమీటర్ల ఫిల్మువాటిలో ముప్పైఆరు. ప్రతి బొమ్మకూ ఖర్చు ఉండేది గనుక మీట నొక్కేముందే ఒక నిర్ణయం జరిగేది. ఇది దాచదగినదా, కాదా? ఈనాడు నూట ఇరవై ఎనిమిది గిగాబైట్ల నిలవసామర్థ్యం ఉన్న ఫోనులో, ఒక్కో బొమ్మకు నాలుగు మెగాబైట్ల లెక్కన, ఫోను సొంత సామగ్రి పోగా కూడా ఇరవైవేల చిత్రాలు సునాయాసంగా పడతాయి. పాత లెక్కలో అవి 555 రీళ్లు. ఒక్కో చిత్రాన్ని పది సెకన్లు మాత్రమే చూసినా అన్నీ చూడడానికి యాభై ఐదు గంటలు కావాలి. ఆ యాభై ఐదు గంటలు ఏ తల్లిదండ్రుల దగ్గర ఉన్నాయి? తీరిక లేనందువల్లనే కదా, తరువాత చూసుకుందామని ఇన్ని తీస్తున్నాము!

ఇక్కడే మొదటి నైతిక ప్రశ్న ఎదురవుతున్నది. చూడడాన్ని వాయిదా వేయవచ్చునా? దస్త్రాన్ని వాయిదా వేయవచ్చు. సమావేశాన్ని వాయిదా వేయవచ్చు. పిల్లవాడు ఈ సాయంత్రం ఆడిన ఆటను, వచ్చే పండుగ సెలవులలో చూడడానికి వీలుగా భద్రపరచగలమా? బొమ్మను భద్రపరచగలము. కాని ఆటలో మధ్యలో ఆగి ‘చూశావా?’ అని వాడు తల ఎత్తినప్పుడు వాడికి కనిపించవలసిన మన ముఖాన్ని భద్రపరచలేము. ఆ క్షణాన వాడికి కనిపించేది ఫోను వెనుక భాగం, దానిమీద వరుసగా ఉన్న మూడు గాజుకళ్లు.

ఇది కేవలం భావుకత కాదు. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులను ఒక చిత్రశాల చుట్టూ తిప్పి, కొన్ని వస్తువులను కేవలం చూడమన్నారు. కొన్నిటిని ఫోటో తీయమన్నారు. మరునాడు పరీక్షించగా, ఫోటో తీసిన వస్తువులకన్న ఊరకనే చూసిన వస్తువులు వారికి ఎక్కువగా గుర్తున్నాయి. అయితే ఆ పరిశోధనలోని రెండవ భాగం మరింత విలువైనది. వస్తువులోని ఒక భాగాన్ని ఎంచుకుని, దగ్గరగా తెచ్చుకుని ఫోటో తీసినవారికి జ్ఞాపకం తగ్గలేదు. అంటే దోషం కెమెరాది కాదు. యంత్రం గుర్తుంచుకుంటుందిలే అని మనసు చేతులు దులుపుకోవడంలో ఉన్నది దోషం. శ్రద్ధగా చూసేవాడికి కెమెరా కూడా ఒక కన్నే అవుతుంది.

ఉద్యోగస్తుల విషయంలో మరొక చిక్కు ఉన్నది. వెనుకటి కెమెరా బీరువాలో ఉండేది. దానికి ఒకటే పని. ఈనాటి కెమెరా కార్యాలయంలోనే ఒక భాగం. బిడ్డను చిత్రిద్దామని ఫోను ఎత్తిన క్షణంలోనే తెర పైభాగాన పై అధికారి సందేశం జారి వస్తుంది. బిడ్డ నవ్వు, రేపటి సమావేశపు అజెండా ఒకే అద్దం మీద పోటీ పడతాయి. ఆ పోటీలో సాధారణంగా గెలిచేది ఏదో పాఠకులకు చెప్పనక్కరలేదు.

దీనికి తోడు, బొమ్మ నిజమా కాదా అన్న ప్రశ్న కూడా ఉన్నది. అనేక ఫోన్లలో మీట నొక్కకముందు నుంచే కెమెరా చిత్రాలను గ్రహిస్తూ, పలు చిత్రాలను కలిపి మనకు ఒకటిగా అందిస్తుంది. చర్మాన్ని నునుపు చేస్తుంది. ఆకాశాన్ని నీలం చేస్తుంది. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8 ఫోనులోనైతే, వెంటవెంటనే తీసిన బృందచిత్రాల నుంచి ఒక్కొక్కరి మంచి ముఖాన్ని ఏరి, అందరూ ఒకేసారి నవ్వినట్లు ఒకే చిత్రంలో అమర్చే సదుపాయం కల్పించారు. అందరూ నవ్వుతున్న ఆ క్షణం ఎన్నడూ జరగలేదు. అలకపూనిన పిల్లవాడి అలకను చెరిపివేసి నవ్వును అతికించినప్పుడు, మనం దాచుకుంటున్నది వాడి బాల్యాన్నా, మన కోరికనా? రేపటి రోజున వాడు ఆ చిత్రాన్ని చూసి తాను ఎల్లప్పుడూ సంతోషంగా ఉన్నాననుకుంటే అది కుటుంబ చరిత్రలో చేర్చిన ఒక కల్పిత పత్రంతో సమానం.

ఎవరికి చూపిస్తావు?

మా ఇంట్లో జరిగిన చిన్న సంఘటన ఒకటి ఇక్కడ ప్రస్తావించడం అప్రస్తుతం కాదనుకుంటాను. ముందుపళ్లు రెండూ ఊడిన మా ఏడేళ్ల అమ్మాయిని ఒక ఆదివారం కొత్త ఫోనుతో ఫోటో తీశాను. ఆ బొమ్మను తెర మీద చూసి తాను కూడా నవ్వింది. ఆ వెంటనే, ‘దీన్ని ఎవరికి పంపుతావు?’ అని అడిగింది. ‘ఎవరికి పంపమంటావు?’ అన్నాను. కొంచెంసేపు ఆలోచించి, ‘అమ్మమ్మకు పంపు. మన బిల్డింగు గ్రూపులో మాత్రం వద్దు. అందులో మా క్లాసు పిల్లల అమ్మలు ఉన్నారు’ అన్నది.

న్యాయశాస్త్ర గ్రంథాలు పుటలకొద్దీ వివరించే సూత్రాన్ని ఆ పిల్ల రెండు వాక్యాలలో చెప్పింది. ఆమె తన బొమ్మ తీయవద్దనలేదు, దాచిపెట్టమనలేదు. ఎవరు చూడవచ్చునో, ఎవరు చూడకూడదో నిర్ణయించుకునే అధికారాన్ని కోరింది. ఏకాంతమంటే తలుపులన్నీ మూసుకోవడమని మనం పొరపడుతూ ఉంటాము. ఏ తలుపు ఎవరికి తీయాలో నిర్ణయించే తాళంచెవి మన దగ్గర ఉండడమే దాని అసలు అర్థం.

ఈ సూత్రం కొత్తది కూడా కాదు. తెలుగు నేల మీద, ఛాయాచిత్రకళ తొలినాళ్లలోనే, దీనికి ఒక అందమైన దృష్టాంతం దొరుకుతుంది. ఈనాడు దేశ రాజధాని ప్రాంతంలో భాగమైన మీరట్ జిల్లాలోని సర్ధానాలో 1844లో జన్మించిన లాలా దీనదయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో కొలువు చేశారు. అంటే ఆయన కూడా మనవంటి ప్రభుత్వోద్యోగే. తీరిక వేళలలో అలవరచుకున్న ఛాయాగ్రహణ విద్య క్రమంగా ఆయనకు వృత్తి అయింది. హైదరాబాదు చేరి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందారు. 1905లో కాలధర్మం చెందారు. ఆయన గాజుపలకల నెగిటివులు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

ఆయన చేసిన పనులలో రాజమహళ్ల చిత్రాలు, వేట చిత్రాలు, వైస్రాయిల చిత్రాలు ప్రసిద్ధికెక్కాయి. నా దృష్టిలో వాటన్నిటికన్న గొప్పది 1892లో హైదరాబాదులో ఆయన స్థాపించిన జనానా స్టూడియో. పరదా పాటించే స్త్రీలకోసం ప్రత్యేకించిన ఆ స్టూడియో ఒక ఆంగ్ల మహిళ పర్యవేక్షణలో, పరపురుషుల కంటబడకుండా నడిచేది. ఆ స్త్రీలు ఛాయాచిత్రాన్ని నిరాకరించలేదన్నది గమనించవలసిన విషయం. తమ రూపం తరతరాలకు నిలవాలని వారూ కోరుకున్నారు. అయితే దాన్ని ఎవరి చేయి తీయాలి, ఎవరి కన్ను చూడాలి అన్న షరతుమీదనే కెమెరా ముందు కూర్చున్నారు. పరదా పద్ధతిని మనం ఈనాడు సమర్థించనక్కరలేదు. ఆ స్త్రీలకు బయటి లోకంలో తిరిగే స్వేచ్ఛ లేదన్న సత్యాన్ని మరుగుపరచనూ అక్కరలేదు. కాని తన ముందు కూర్చునేవారి షరతుకు తగినట్లుగా ఒక ఛాయాగ్రాహకుడు తన స్టూడియోనే వేరుగా కట్టించాడన్నది మాత్రం మరువరాదు. కెమెరా కోసం మనుషులను మార్చలేదు. మనుషుల కోసం కెమెరా గదిని మార్చాడు. నూట ముప్పై ఏళ్ల తరువాత, మన ఇంటి పిల్లలకు మనం ఆపాటి మర్యాద చూపుతున్నామా?

చట్టం ఆగిన చోట

ఈ విషయంలో చట్టం ఏమంటున్నదో కూడా చూడాలి. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992 డిసెంబరులో చేరింది. బాలలకు సంబంధించిన విషయాలలో వారి అభిప్రాయానికి వయసునుబట్టి విలువ ఇవ్వాలని దాని పన్నెండవ అధికరణం, బాలల ఏకాంతానికి రక్షణ ఉండాలని పదహారవ అధికరణం చెబుతున్నాయి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటున్నది.

అయితే అదే చట్టం, ఒక వ్యక్తి తన సొంత అవసరాలకు, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి తాను వర్తించనని కూడా చెబుతున్నది. ఇది సబబే. ప్రతి ఇంటి ఆల్బముపై ప్రభుత్వం నిఘా పెట్టాలని ఎవరూ కోరరు. కాని దీని పర్యవసానం ఆలోచించదగినది. బయటి సంస్థల నుంచి బిడ్డను కాపాడే ద్వారపాలకులుగా చట్టం తల్లిదండ్రులను నిలబెట్టింది. ఆ ద్వారపాలకులే తలుపు బార్లా తీసినప్పుడు అడిగేవారు లేరు. ఫ్రాన్సు దేశం 2024 ఫిబ్రవరిలో చేసిన ఒక చట్టం ద్వారా, బిడ్డ రూపంపై బిడ్డకు గల హక్కును తల్లిదండ్రులిద్దరూ ఉమ్మడిగా కాపాడాలని, వయసునుబట్టి బిడ్డను కూడా ఆ నిర్ణయంలో కలుపుకోవాలని చెప్పింది. మన దేశంలో ఆ పని ప్రస్తుతానికి మనస్సాక్షికి వదిలినట్లే. చట్టం ఆగిన చోటనే ధర్మం ప్రారంభం కావాలి.

మన ధర్మశాస్త్రకారులు ఈ సందర్భంలో మనకు పనికివచ్చే ఒక భావనను అందించారు. స్మృతులు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో ‘నిక్షేపం’ ఒకటి. ఒకరు నమ్మకంతో మరొకరి దగ్గర ఉంచిన సొమ్ము అది. అందులోనూ పెట్టెలో పెట్టి, లోపల ఏమున్నదో చెప్పకుండా అప్పగించినదానికి ‘ఉపనిధి’ అని పేరు. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం దాన్ని తీసుకున్నది తీసుకున్నట్లే తిరిగి ఇవ్వాలి. రాజు వల్ల, దైవం వల్ల, దొంగల వల్ల పోతే దాచినవాడి తప్పులేదు. తన ఇష్టానుసారం వాడుకుంటే మాత్రం దండన. వృద్ధితో సహా చెల్లించాలి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్య ఆధారంగా పదమూడవ శతాబ్దంలోనే కేతన ‘విజ్ఞానేశ్వరము’ రచించి, ఈ వ్యవహారధర్మాన్ని తెలుగువారికి తెలుగులో అందించాడు.

బిడ్డ బాల్యం మన దగ్గర ఉన్న ఉపనిధి అని నా మనవి. పెట్టెలో ఏమున్నదో మనకు తెలియదు. ఈ పిల్ల రేపు న్యాయమూర్తి అవుతుందో, నటి అవుతుందో, అందరికీ దూరంగా నిశ్శబ్దంగా బతకాలనుకుంటుందో ఎవరూ చెప్పలేరు. స్నానపు తొట్టెలో తీసిన బొమ్మ, పరీక్షలో తప్పి ఏడుస్తున్న బొమ్మ, పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు గుక్కపట్టిన బొమ్మ ఈనాడు మనకు ముద్దుగా ఉండవచ్చు. వాటి అర్థాన్ని నిర్ణయించే వ్యక్తి ఇంకా పెరుగుతున్నది. అటువంటప్పుడు వాటిని పదిమందిలోకి వదలడం, ఉపనిధి ముద్రను విప్పి సొమ్మును మన వాడకానికి తీసుకోవడమే అవుతుంది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. బిడ్డకు పేరు పెట్టేటప్పుడు అడిగామా? చెవులు కుట్టించేటప్పుడు, బడిలో చేర్చేటప్పుడు అడిగామా? అన్నీ పెద్దలే నిర్ణయిస్తున్నప్పుడు ఈ ఒక్క ఫోటో విషయంలో ఇంత విచారణ ఎందుకు? ఆక్షేపణలో బలమున్నది. అయితే ఒక భేదం గమనించాలి. పేరు బిడ్డకు అవసరం. చదువు బిడ్డకు అవసరం. ఆ నిర్ణయాలు బిడ్డ తరఫున, బిడ్డ కోసం చేసినవి. వందలాది పరిచితులకు, అపరిచితులకు చూపే బొమ్మ ఎవరి కోసం? చాలా సందర్భాలలో అది మన మురిపెం కోసం, మన ప్రతిష్ఠ కోసం. ఇతరుల సొమ్మును వారి మేలుకు వాడేవాడు సంరక్షకుడు. తన మేలుకు వాడేవాడు వేరు. ఫోటోను పంపేముందు ‘ఇది ఎవరి అవసరం?’ అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే చాలా సందేహాలు వాటంతటవే తీరుతాయి.

ఈ ప్రశ్న ఇంటి గడప దాటి కార్యాలయానికి కూడా రావాలి. పాఠశాలలో పుస్తకాలు పంచినా, అంగన్‌వాడీలో పాలు పోసినా, వైద్యశిబిరం నిర్వహించినా, పని జరిగిందనడానికి రుజువుగా పిల్లల ఫోటోలు తీసి పంపడం ఆనవాయితీ అయింది. లెక్క చూపడం అవసరమే. కాని తనకు హక్కుగా రావలసిన నోటుపుస్తకానికి ఒక పేదపిల్ల తన ముఖాన్ని వెలగా చెల్లించనక్కరలేదు. మన పిల్లల విషయంలో మనం కోరే గౌరవాన్ని మన పథకాలలోని పిల్లలకు ఇవ్వకపోతే, మనం చెప్పేది ధర్మం అనిపించుకోదు. అది సొంత ఇంటి మమకారం మాత్రమే అవుతుంది.

దాచడమూ, తుడిచివేయడమూ

ఆచరణలో ఏం చేయాలి? ఇందుకు దస్త్రాలు నడిపేవారికి కొత్త పాఠాలు అక్కరలేదు. రికార్డులను తరగతులుగా విభజించడం మనకు అలవాటైన పనే. కొన్ని శాశ్వతంగా ఉంచవలసినవి, కొన్ని గడువువరకు ఉంచి తీసివేయవలసినవి. 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు శాఖగా ప్రారంభమై, తరువాత ఢిల్లీకి తరలివచ్చిన మన జాతీయ అభిలేఖాగారం అన్ని కాగితాలనూ దాచలేదు, దాచరాదు కూడా. ఏరివేత లేనిదే చరిత్ర లేదు. నెలకొకసారి, ఒక ఆదివారం మధ్యాహ్నం, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ నెల బొమ్మలను చూడడం, వాటిలో పదో పన్నెండో ఉంచి మిగిలినవి తుడిచివేయడం ఒక మంచి పద్ధతి. దానివల్ల నిలవ తగ్గడమే కాదు. వాయిదా వేసిన చూపు ఆ మధ్యాహ్నం తిరిగి వస్తుంది. ఏది ఉంచాలో, ఏది పోవాలో పిల్లలు చెప్పే కారణాలు వింటే, వారి మనసులు మనకు బొమ్మలలో కన్న బాగా కనిపిస్తాయి.

రెండవది, పంపేముందు అడగడం. అయిదేళ్లు దాటిన పిల్లలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలరు. అంతకన్న చిన్నవారి విషయంలో, బడి చిహ్నం, ఇంటి చిరునామా కనిపించని బొమ్మలను, ఆత్మీయులకు మాత్రమే పంపడం మేలు. ఫోనులో స్థలవివరాలు నమోదయ్యే సదుపాయాన్ని ఆపివేయడం ఒక నిమిషం పని. ఎక్కడ, ఏ వేళ తీసినదో చిత్రంతోపాటు ఊరూరా తిరగనక్కరలేదు. పిల్లవాడి పుట్టినరోజు బొమ్మలో ఇరుగుపొరుగు పిల్లలు కూడా ఉంటారు గనుక, వారి తల్లిదండ్రులను అడగడం కూడా ఈ మర్యాదలో భాగమే.

మూడవది, అన్నిటికన్న కష్టమైనది. కొన్నిటిని తీయకుండా వదిలివేయడం. పండుగ నాడు, పాఠశాల వార్షికోత్సవం నాడు మొదటి నిమిషంలో రెండు మూడు బొమ్మలు తీసి, ఆపై ఫోనును సంచిలో పెట్టివేయవచ్చు. వేదిక మీద ఉన్న పిల్లవాడు ప్రేక్షకులలో తన వారి కోసం వెదుకుతాడు. తెరల వరుస మధ్య తెర అడ్డులేని ఒక్క ముఖం కనిపిస్తే వాడికి కలిగే ధైర్యాన్ని ఏ కెమెరా కూడా కొలవలేదు.

అభిలేఖాగారాలలో పత్రాలు గడువు తీరేవరకు మూసి ఉంటాయి. గడువు తీరాక చదువరుల ముందుకు వస్తాయి. ఇంటి అభిలేఖాగారానికి కూడా అటువంటి గడువు ఒకటి ఉండడం సమంజసం. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండిన నాడు, ఏరి దాచిన కొన్ని వందల బొమ్మలను, అవి ఎప్పుడు, ఎక్కడ తీసినవో రాసిన వివరాలతో సహా, తన చేతికి అప్పగించాలి. అప్పగించిన నిక్షేపం మీద దాచినవాడికి హక్కు ఉండదు. వాటిలో దేన్ని లోకానికి చూపాలో, దేన్ని గోడకు వేలాడదీయాలో, దేన్ని తుడిచివేయాలో ఆ తరువాత తాను నిర్ణయించుకుంటుంది. మనకు ఎంతో ఇష్టమైన బొమ్మనే ఆమె తుడిచివేయవచ్చు. అప్పుడు మారుమాట ఆడకుండా ఉండగలిగితే, నిక్షేపధర్మాన్ని మనం పూర్తిగా నిర్వర్తించినట్లు.